కంటి వెనుక వాపు: మాత్రలా, కంట్లో ఇంజెక్షనా, ఏళ్ల తరబడి వాడే మందులా?

"మీ కంటి వెనుక భాగంలో వాపు ఉంది. స్టెరాయిడ్ మాత్రలతో మొదలుపెట్టవచ్చు, లేదా కంట్లోకి ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. ఇంటికి వెళ్లి ఆలోచించుకుని చెప్పండి." ఈ మాటలు విని రెటీనా డాక్టర్ గదిలోంచి బయటికి వచ్చినవారికి ఆ రాత్రి నిద్ర పట్టదు. కంట్లో సూది అంటే ఒక భయం, స్టెరాయిడ్ అంటే ఇంకొక భయం. మా చెల్లెలికి ముప్పై ఒకటో ఏట రెండు కళ్లకూ ఈ జబ్బు వచ్చినప్పుడు మా ఇంట్లో వారం రోజులు ఇదే చర్చ జరిగింది. అయితే మేము వేసుకున్న ప్రశ్నే సరైనది కాదు. ఏ మందు బలమైనది అని అడుగుతూ వచ్చాం. ఈ వాపు దేనివల్ల వచ్చింది, ఎన్నాళ్లు ఉంటుంది, అన్నాళ్లూ ఈ మనిషి శరీరం ఏ మందును తట్టుకోగలదు అని అడగాలని ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యం మీకు జరగకూడదనే ఇది రాస్తున్నాను.

వాపు ముందా, వెనుకా?

బడిలో కంటి బొమ్మ గీసినప్పుడు మూడు పొరల పేర్లు రాసేవాళ్లం: బయట దృఢస్తరం, మధ్యలో రక్తపటలం, లోపల నేత్రపటలం. రక్తపటలం, దానికి ముందువైపు కొనసాగింపుగా ఉండే సిలియరీ కండరాల భాగం, ఐరిస్ కలిసిన మధ్య పొరకు వచ్చే వాపును యువియైటిస్ అంటారు. ఐరిస్ దగ్గర వాపు వస్తే దాచినా దాగదు. కన్ను ఎర్రబడుతుంది, నొప్పి పెడుతుంది, వెలుతురు చూడలేరు. వెనుక వాపు అలా కాదు. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపూ ఉండదు. అద్దంలో చూసుకుంటే కన్ను మామూలుగానే కనిపిస్తుంది. చూపు మాత్రం పొగమంచులో ఉన్నట్టు మసకబారుతుంది. ఈగలు, దారపు పోగులు, మసి నలుసుల్లాంటివి కళ్ల ముందు తేలుతుంటాయి. తిన్నగా ఉండే గీతలు వంకర తిరిగి కనిపిస్తాయి. కొందరికి చూపు మధ్యలో ఒక ముక్క చెరిపేసినట్టు ఉంటుంది.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి, ఒక కన్ను మూసి రెండో కంటితో ఆ తేదీల గడులను చూడండి. తర్వాత కన్ను మార్చండి. ఒక కంటికి గడులు తిన్నగా, మరొక కంటికి వంగినట్టో చెరిగినట్టో కనిపిస్తే పచ్చచుక్క దగ్గర, అంటే నేత్రపటలంలో సూక్ష్మమైన చూపు ఉండే మాక్యులా దగ్గర, ఏదో జరుగుతోందని అర్థం. రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపూ బాగున్న కన్ను రెండో కంటి లోపాన్ని కప్పేస్తుంది. అందుకే ఇది వారాల తరబడి తెలియకుండా పోతుంది.

మా చెల్లెలికి ముందు తలనొప్పి, చెవుల్లో హోరు వచ్చాయి. దువ్వెన తగిలితే తల చర్మం జివ్వుమనేది. నాలుగు రోజులకు రెండు కళ్లూ మసకబారాయి. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో కళ్లకలక అనుకుని చుక్కల మందు ఇచ్చారు. పదిహేను రోజులు వేసుకుంది. చుక్కల మందు కంటి ముందు భాగం వరకే బాగా పనిచేస్తుంది, వెనుక పొరలకు చాలినంతగా చేరదు. కంటిపాప విప్పారే చుక్కలు వేసి వెనుక భాగం చూసిన డాక్టర్ ఒక్క నిమిషంలో జబ్బు పేరు చెప్పారు: వోగ్ట్–కొయనాగి–హరాడ, పొట్టిగా వీకేహెచ్. రంగు కణాల మీద శరీరమే దాడి చేసే జబ్బు ఇది. అందుకే కంటితో పాటు చెవి, మెదడు పొరలు, చర్మం కూడా దీని బారిన పడతాయి. నెలల తర్వాత కనురెప్పల వెంట్రుకలు తెల్లబడటం కూడా ఇందులో భాగమే. మసక చూపుకు కంటిపాప విప్పార్చి చూడకుండా చుక్కల మందు మాత్రమే ఇచ్చి పంపితే, వెనుక భాగం కూడా చూడమని మీరే అడగండి.

చికిత్స ఎంచుకునే ముందు: ఇది క్రిమి వల్లనా, కాదా?

చికిత్సల పోలిక మొత్తం ఈ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉంటుంది. స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుంది, దాంతో పాటు శరీర రక్షణనూ తగ్గిస్తుంది. లోపల క్రిమి ఉండగా స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే నాలుగు రోజులు బాగున్నట్టు అనిపించి ఆ తర్వాత కన్ను పోవచ్చు.

మన దేశంలో ముందుగా అనుమానించవలసింది క్షయ. ఊపిరితిత్తుల్లో ఏమీ లేకుండా కంట్లో మాత్రమే కనిపించే క్షయ ఉంటుంది. దగ్గు లేదు కదా అని కొట్టిపారేయకూడదు. మాంటూ పరీక్ష, ఇగ్రా రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే లేదా సీటీ చేస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. మన దగ్గర చాలామంది శరీరంలో క్షయ క్రిమి నిద్రాణంగా ఉంటుంది కాబట్టి పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన కంటి వాపు క్షయ వల్లే అని తేలదు. కంట్లోని మచ్చల తీరు, పరీక్షలు, మనిషి చరిత్ర మూడూ కలిపి డాక్టర్ నిర్ణయించాలి. మరొక మాట: స్టెరాయిడ్ వాడకం మొదలయ్యాక మాంటూ తప్పుగా నెగటివ్ చూపే అవకాశం ఉంది. చూపు వేగంగా పడిపోతూ ఆగలేని స్థితి కాకపోతే పరీక్షలు ముందు, మాత్రలు తర్వాత.

టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వస్తే పాత మచ్చను ఆనుకుని కొత్తగా తెల్లని మచ్చ లేస్తుంది. దీనికి కోట్రైమాక్సజోల్ లాంటి మందు రక్షణ లేకుండా స్టెరాయిడ్ ఇవ్వరు. ఆటలమ్మ, హెర్పిస్ జాతి వైరస్‌లు నేత్రపటలాన్ని రోజుల్లో చంపేస్తాయి. దానికి వైరస్ మందు అదే రోజు మొదలుకావాలి. సిఫిలిస్ పరీక్ష రాస్తే కొందరు అవమానంగా భావించి చేయించుకోరు. దయచేసి చేయించుకోండి. ఏ రకం యువియైటిస్‌నైనా అనుకరించగల జబ్బు అది, పెన్సిలిన్‌తో నయమయ్యే జబ్బు కూడా. డాక్టర్ ఆ పరీక్షను అందరికీ రాస్తారు, మిమ్మల్ని అనుమానించి కాదు. యాభై దాటినవారిలో స్టెరాయిడ్‌కు తగ్గి మళ్లీ మళ్లీ తిరిగివచ్చే వాపు ఒక్కోసారి లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు. అప్పుడు కంటి లోపలి జెల్లీని కొద్దిగా తీసి పరీక్షిస్తారు.

క్రిమి కారణమని తేలితే ఆ క్రిమికి తగిన మందే అసలు చికిత్స. క్షయ మందులు వాడేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. రిఫాంపిసిన్ స్టెరాయిడ్ శక్తిని తగ్గిస్తుంది. ఇథాంబ్యుటాల్ కంటి నరాన్నే దెబ్బతీయగలదు, అందువల్ల ఎరుపు–ఆకుపచ్చ రంగులు వెలసిపోయినట్టు అనిపిస్తే వెంటనే చెప్పాలి. ఇక మిగిలిన ఈ వ్యాసమంతా క్రిమి లేదని తేలినవారి కోసం.

వేటిని తూచాలి

ఒక కన్నా, రెండు కళ్లా? ఇది మొదటి తూకం. ఒక కన్నే అయితే శరీరమంతటికీ మందు ఇవ్వడం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. రెండు కళ్లూ అయితే, లేదా కీళ్లు, చర్మం, చెవి కూడా జబ్బులో ఉంటే, ఒక్కొక్క కంట్లో ఇంజెక్షన్ ఇవ్వడం ఆకులకు నీళ్లు పోసి వేరును వదిలేయడమే.

రెండోది వేగం, దాన్ని ఆనుకుని వచ్చేది వ్యవధి. మాక్యులా దగ్గర నీరు చేరితే వారాలు కూడా విలువైనవే. కానీ త్వరగా పనిచేసే మందులేవీ ఎక్కువకాలం వాడదగ్గవి కావు, ఎక్కువకాలం వాడదగ్గవేవీ త్వరగా పనిచేయవు. ఈ రంగంలో ప్రతి నిర్ణయం ఈ ముడి చుట్టూనే తిరుగుతుంది.

మూడోది మీరు ఇప్పటికే మోస్తున్న జబ్బులు: చక్కెర, బీపీ, నీటికాసులు, కాలేయ జబ్బు. గర్భం ఆలోచన ఉందా? నెలనెలా రక్తపరీక్ష చేయించుకోగల ఊళ్లో ఉన్నారా? ఖర్చు ఎవరు భరిస్తారు? ఇవి డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పవలసినవి.

స్టెరాయిడ్ మాత్రలు

వైసలోన్, ఓమ్నాకార్టిల్ పేర్లతో దొరికే ప్రెడ్నిసొలోన్. సాధారణంగా శరీర బరువులో కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున, రోజుకు 60కి మించకుండా మొదలుపెట్టి, వారాల తరబడి మెట్లుమెట్లుగా తగ్గిస్తారు. తక్కువ ఖర్చు, రెండు కళ్లకూ ఒకేసారి, రోజుల్లోనే ఫలితం. కన్ను పోతున్న వేళ దీన్ని మించినది లేదు. అందుకే స్టెరాయిడ్ పేరు వినగానే వద్దనేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. వీకేహెచ్‌లో మొదటి వారాల్లో ఈ మందు వాడకపోతే జరిగే నష్టం తర్వాత ఏ మందుతోనూ పూడదు.

అయితే ఇది నెలలు గడిచేకొద్దీ శరీరం నుంచి వసూలు చేసుకుంటుంది. ముఖం ఉబ్బుతుంది, నిద్ర పోతుంది, మనసు చిరాకుపడుతుంది, ఎముకలు పలచబడతాయి, చక్కెర, బీపీ పెరుగుతాయి, కంట్లో శుక్లం, పీడనం వస్తాయి. చక్కెర జబ్బు ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పాలి: ఉదయం మాత్ర వేసుకుంటే పరగడుపు చక్కెర మామూలుగానే ఉండి మధ్యాహ్నం భోజనం తర్వాత, సాయంత్రం పెరుగుతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చూసి బాగుందనుకోవద్దు. మాత్రను ఉదయం ఫలహారం తర్వాతే వేసుకోవాలి. కాల్షియం, విటమిన్ డి డాక్టర్ రాస్తే మానకూడదు. వారాల తరబడి వాడినవారు హఠాత్తుగా మానేస్తే ప్రాణానికే ముప్పు, ఎందుకంటే శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని అప్పటికి ఆపేసి ఉంటుంది.

నిపుణులు పెట్టుకునే లక్ష్యం మూడు నెలల్లో రోజుకు 7.5 మిల్లీగ్రాములకు, లేదా అంతకన్నా తక్కువకు దిగడం. ఆ అంకెకు దిగబోతుంటే వాపు మళ్లీ లేస్తోందంటే మీకు మాత్రలు మాత్రమే చాలవని అర్థం. ఏడాదిగా 20 మిల్లీగ్రాముల మీద నెట్టుకొస్తున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, వచ్చే వారమే డాక్టర్‌ను కలిసి రెండో మందు గురించి అడగండి.

కంటి పక్కన, కంటి లోపల ఇంజెక్షన్

ట్రయామ్సినొలోన్‌ను కంటి గుడ్డు పక్కన ఇస్తారు, లేదా నేరుగా లోపలి జెల్లీలోకి ఇస్తారు. డెక్సామెథసోన్ 0.7 మిల్లీగ్రాముల సన్నని కడ్డీ రూపంలో కూడా ఉంది (ఓజర్డెక్స్). కంట్లో ఉంచితే మెల్లగా కరుగుతుంది. ఈ మూడింటినీ పోల్చిన పాయింట్ అనే అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. యువియైటిస్ వల్ల మాక్యులాలో వచ్చిన ఉబ్బు ఎనిమిది వారాలకు పక్కన ఇచ్చిన ఇంజెక్షన్‌తో 23 శాతం, లోపల ఇచ్చిన ట్రయామ్సినొలోన్‌తో 39 శాతం, కడ్డీతో 46 శాతం తగ్గింది. లోపల ఇచ్చే రెండింటికీ మధ్య తేడా చెప్పుకోదగ్గది కాదు. పక్కన ఇచ్చేది మాత్రం వెనుకబడింది.

శరీరమంతటికీ మందు పాకదు, చక్కెర అంతగా పెరగదు. ఒక కంటి జబ్బుకు, మాక్యులా ఉబ్బుకు ఇది చక్కని దారి. కానీ ప్రభావం మూడు నుంచి ఆరు నెలలే. శుక్లం త్వరపడుతుంది, కొందరిలో కంటి పీడనం పెరుగుతుంది. స్టెరాయిడ్‌కు పీడనం పెరిగే స్వభావం ఉన్నవారికి, నీటికాసులు ముదిరినవారికి ఇది తగదు. శుక్లం ఆపరేషన్‌లో లెన్స్ వెనుక పొర చిరిగి ఉంటే కడ్డీ ముందుకు జారి కార్నియాను పాడుచేయవచ్చు. ఆ ఆపరేషన్ కాగితాలు తప్పక చూపించండి. సూది భయం విషయానికొస్తే, మత్తు చుక్కలు వేశాక ఒత్తిడి తెలుస్తుంది తప్ప నొప్పి చాలా స్వల్పం, పని నిమిషాల్లో ముగుస్తుంది. భయపడవలసింది తర్వాతి వారంలో వచ్చే నొప్పి, ఎరుపు, చూపు తగ్గుదలకు. అది కంటి లోపల చీము పట్టడం కావచ్చు, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంజెక్షన్ తేలిక కదా, జీవితాంతం అదే చాలదా అని అడిగేవారికి మస్ట్ అధ్యయనాన్ని చూపిస్తాను. అది మాత్రలతో పోల్చింది కంట్లో పెడితే ఏళ్ల తరబడి పనిచేసే ఫ్లూసినొలోన్ అనే వేరే స్టెరాయిడ్ అమరికను. రెండేళ్లకు అమరిక, మాత్రలు సమానంగా నిలిచాయి. ఏడేళ్లకు చూస్తే (2017లో ప్రచురితం) శరీరానికి మందులిచ్చిన వర్గం చూపు పట్టికలో సగటున ఏడు అక్షరాలు ఎక్కువ చదివింది.

స్టెరాయిడ్ భారం తగ్గించే మందులు

మెథోట్రెక్సేట్, మైకోఫినొలేట్, అజాథయోప్రిన్. ఇవి పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ లోపు స్టెరాయిడ్ కాపు కాస్తుంది. ఈ వంతెన సంగతి తెలియక "నెల వాడాం, గుణం లేదు" అని మానేసేవారు ఎందరో.

మొదటి రెండింటిలో ఏది మేలో తేల్చడంలో మన పొరుగున ఉన్న మదురై అరవింద్ కంటి ఆసుపత్రిది పెద్ద పాత్ర. డాక్టర్ ఎస్.ఆర్. రత్తినం మొదటి రచయితగా 2019లో వెలువడిన ఫాస్ట్ అధ్యయనంలో అయిదు దేశాల నుంచి 216 మంది పాల్గొన్నారు. ఆరు నెలలకు స్టెరాయిడ్ తగ్గించి వాపును అదుపులో ఉంచగలిగినవారు మెథోట్రెక్సేట్‌తో 66.7 శాతం, మైకోఫినొలేట్‌తో 57.1 శాతం. మొత్తం మీద ఈ తేడా నిర్ణయాత్మకం కాదు. కానీ వాపు వెనుక భాగంలో ఉన్నవారిని, కన్నంతా ఉన్నవారిని విడిగా చూస్తే 74.4 శాతం, 55.3 శాతం. చౌకగా దొరికే పాత మందే ముందుంది! ఖరీదైనదే మంచిదనుకునే మన అలవాటుకు ఇది మంచి జవాబు.

మెథోట్రెక్సేట్ వాడేవారు ఒక్క మాట గోడ మీద రాసుకోవాలి: వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. ఆదివారమో గురువారమో ఒక రోజు ఖాయం చేసుకుని క్యాలెండరులో గుర్తు పెట్టండి, మందుల డబ్బాలో మిగతా మాత్రలతో కలపకండి. ఫోలిక్ ఆమ్లం మాత్ర తోడుగా రాస్తారు. మద్యం పూర్తిగా మానాలి. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మొదట్లో నెలకోసారైనా తప్పవు.

అజాథయోప్రిన్ మొదలుపెట్టే ముందు వీలైతే ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష గురించి అడగండి. ఆ జన్యువులో మార్పు ఉన్నవారికి తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆ మార్పు ఆసియా వారిలో అరుదేమీ కాదు.

అడాలిముమాబ్

పై మందులకు లొంగని వాపుకు, రక్తనాళాలు వాచే బెహ్సెట్ లాంటి మొండి జబ్బులకు. మొదట 80 మిల్లీగ్రాములు, వారం తర్వాత 40, ఆ తర్వాత రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు చర్మం కింద ఇంజెక్షన్. 2016లో వెలువడిన విజువల్ అధ్యయనంలో వాపు తిరగబెట్టడానికి మధ్యస్థంగా 24 వారాలు పట్టింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికి 13 వారాలే. ఈ మందుకు ప్రపంచంలో మొదటి బయోసిమిలర్, అంటే మూల మందుకు సమానంగా తయారుచేసిన రూపం, 2014 డిసెంబరులో మన దేశంలోనే విడుదలైంది. అయినా నెల ఖర్చు వేలల్లోనే.

నిద్రాణంగా ఉన్న క్షయను లేపగల మందు ఇది. క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు చేయకుండా మొదలుపెట్టకూడదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి నరాల జబ్బు ఉన్నవారికి వద్దు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి కాబట్టి కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లో ఎక్కడ దాచాలో కూడా ముందే ఆలోచించుకోవాలి.

| చికిత్స | పనిచేసే వేగం | ఎంతకాలం | ఎవరికి నప్పుతుంది | కనిపెట్టుకోవలసింది |
|---|---|---|---|---|
| స్టెరాయిడ్ మాత్రలు | రోజులు | మూడు నెలల్లో బాగా తగ్గించాలి | రెండు కళ్లు, అత్యవసరం | చక్కెర, బీపీ, ఎముకలు |
| కంట్లో ఇంజెక్షన్ | రోజులు–వారాలు | 3–6 నెలలు | ఒక కన్ను, మాక్యులా ఉబ్బు | కంటి పీడనం, శుక్లం |
| మెథోట్రెక్సేట్ తరహా మందులు | 2–3 నెలలు | ఏళ్లు | తిరగబెట్టే జబ్బు | రక్తకణాలు, కాలేయం, గర్భం |
| అడాలిముమాబ్ | వారాలు | ఏళ్లు | లొంగని జబ్బు, బెహ్సెట్ | క్షయ, ఖర్చు |

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

చక్కెర అదుపులో లేదు, వాపు ఒక్క కంట్లోనే ఉంది, కంటి పీడనం మామూలుగా ఉంది. నేనైతే కంట్లో ఇంజెక్షన్ వైపే మొగ్గుతాను. అదే మనిషికి నీటికాసులు కూడా ఉంటే తక్కెడ తిరగబడుతుంది. తక్కువ రోజుల మాత్రలు, వెంటనే మెథోట్రెక్సేట్, చక్కెరకు తాత్కాలికంగా ఇన్సులిన్ అవసరమైతే దానికీ సిద్ధపడటం మేలు.

బిడ్డను కనాలనుకునే స్త్రీకి మెథోట్రెక్సేట్, మైకోఫినొలేట్ రెండూ పనికిరావు. అవి గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి, ఆపిన తర్వాత కూడా కొంతకాలం ఆగాలి. అజాథయోప్రిన్, అడాలిముమాబ్ ఆ దశలో డాక్టర్ పర్యవేక్షణలో కొనసాగించగలిగినవి. మా చెల్లెలికి అజాథయోప్రిన్ ఎంచుకోవడానికి కారణం ఇదే. ఫాస్ట్ అంకెలు మెథోట్రెక్సేట్ వైపు ఉన్నాయి, ఆమె జీవితం ఇంకోవైపు ఉంది. వీకేహెచ్ కాబట్టి స్టెరాయిడ్‌ను ఆరు నెలలకు తక్కువ కాకుండా మెల్లగా దించారు.

ఒక కంటికి ముల్లో, మేకో గుచ్చుకున్నవారు, ఆపరేషన్లు జరిగినవారు రెండో కన్ను మసకబారితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. దెబ్బ తగిలిన కన్ను మీద మొదలైన దాడి మంచి కంటి మీదికి మళ్లడం అది. పొలం పనుల్లో, వడ్రంగంలో ఉండేవారు ఏళ్ల కిందటి దెబ్బ అయినా డాక్టర్‌కు చెప్పాలి. ఇక్కడ ఒక కంట్లో ఇంజెక్షన్ సరిపోదు, మాత్రలు, దీర్ఘకాల మందులు రెండూ కావాలి.

నగరానికి చాలా దూరంలో ఉన్నవారు "రక్తపరీక్షలకు రాలేను" అన్న మాటను మొదటే చెప్పండి. మీ మండల కేంద్రంలో పరీక్ష చేయించి ఫలితం ఫోనులో పంపే ఏర్పాటుకు చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. జబ్బు మొదటిసారి తేల్చుకోవడానికి మాత్రం యువియైటిస్ చూసే నిపుణులున్న చోటికి ఒకసారి వెళ్లాలి. హైదరాబాద్‌లో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లేటప్పుడు పాత ఓసీటీ స్కాన్లు (నేత్రపటలం పొరలను చూపేవి), ఇంతవరకు వాడిన స్టెరాయిడ్ మోతాదులు తేదీలతో రాసి తీసుకెళ్లండి. ఆ ఒక్క కాగితం డాక్టర్‌కు గంట పని మిగులుస్తుంది.

పిల్లల విషయంలో ఒక్కటే చెబుతాను. వాళ్లు చూపు తగ్గిందని చెప్పరు, పుస్తకం దగ్గరికి లాక్కుంటారు. స్టెరాయిడ్ వాళ్ల ఎదుగుదలను ఆపుతుంది కాబట్టి దీర్ఘకాల మందును త్వరగా మొదలుపెట్టడానికి వెనకాడకూడదు.

ఎప్పుడు ఆపాలి

దీర్ఘకాల మందును సాధారణంగా కన్ను రెండేళ్లపాటు పూర్తిగా శాంతంగా ఉన్నాకనే తగ్గించడం మొదలుపెడతారు. శుక్లం ఆపరేషన్ అవసరమైతే కనీసం మూడు నెలలు వాపు లేకుండా ఉండాలి. ఈ మందులు వాడుతున్నంతకాలం సజీవ క్రిములతో చేసిన టీకాలు వద్దు, జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోవద్దు.

మా చెల్లెలు ఇప్పుడు మోతాదు తగ్గించే దశలో ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీన క్యాలెండరు కాగితం తిప్పగానే ఒక్కో కన్ను మూసి గడులు చూసుకుంటుంది. గడులు తిన్నగా ఉన్నా మూడు నెలలకోసారి ఓసీటీకి వెళ్తుంది. కిందటిసారి ఆమెకు ఏ తేడా తెలియకముందే స్కాన్‌లో పొర కింద సన్నగా నీరు కనిపించింది. తగ్గించిన మాత్రను మళ్లీ పెంచారు.